మాట ఎక్కడ కోయాలి



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. రేడియోలో పనిచేసిన మాకందరికీ ఆయన మాస్టారు. అందుకని ఈ గంటసేపూ నేను మాస్టారనే అంటాను. తన గురించి చెప్పుకోవడం ఆయనకు ఇష్టముండేది కాదు. పని గురించి మాట మొదలైతే మాత్రం భోజనాల వేళ దాటినా కదిలేవారు కాదు. కనుక ఆయన చేసిన పని గురించే మాట్లాడతాను. మనిషి గొంతును రికార్డు చెయ్యడం, దాన్ని కోసి, అతికి, వార్తాకథనంగా మలచడం, ఇదీ ఆ పని.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పత్రికలో వాక్యం రిపోర్టరు రాసిందని పాఠకుడికి తెలుసు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని కూడా కాస్త సర్ది ఉంటారని ఊహించగలడు. చెవికి వినిపించే వాక్యం అలా కాదు. అది మాట్లాడిన మనిషిదేనని శ్రోత పూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టేదీ కూల్చేదీ ఎడిటింగుకు కూర్చున్నవాడే. అందులోనూ తెలుగు వాక్యాన్ని కోసేవాడి మీద బాధ్యత మరీ ఎక్కువ. ఎందుకన్నది తర్వాత చెబుతాను.

ముందు ఒక పాత రికార్డింగు సంగతి. 1937 మే 6 సాయంత్రం అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని లేక్‌హర్స్ట్ దగ్గర, జర్మనీ నుంచి వచ్చిన హిండెన్‌బర్గ్ అనే పెద్ద ఎయిర్‌షిప్ దిగుతోంది. షికాగోలోని డబ్ల్యు.ఎల్.ఎస్. రేడియో తరఫున హెర్బర్ట్ మారిసన్ మైకు ముందు ఉన్నాడు. పక్కన ఇంజినీరు చార్లెస్ నేల్సెన్. అది లైవు ప్రసారమని చాలామంది అనుకుంటారు, కాదు. డిస్కు మీద గాడి చెక్కే యంత్రంతో ప్రయోగంగా రికార్డు చేస్తున్నారు. ఎయిర్‌షిప్‌కు మంటలు అంటుకున్నాయి. అర నిమిషంలో అంతా అయిపోయింది. లోపలున్న 97 మందిలో 35 మంది, నేల మీద పనిచేస్తున్న ఒకరు చనిపోయారు. పేలుడు అదురుకు గాడి చెక్కే ముల్లు డిస్కులోకి దిగబడితే నేల్సెన్ వెంటనే సర్దాడు. మారిసన్ ఏడ్చాడు. తర్వాత తేరుకుని, బతికి బయటపడ్డవాళ్ళతో, కళ్ళారా చూసినవాళ్ళతో మాట్లాడాడు. రికార్డు చేసిన మాటను ప్రసారం చెయ్యకూడదని ఆ రోజుల్లో అమెరికా రేడియో నెట్‌వర్కులు నియమం పెట్టుకున్నాయి. మర్నాడు ఎన్.బి.సి. ఆ నియమాన్ని పక్కనపెట్టి దీన్ని వినిపించింది.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మాస్టారు మా చేత పదేపదే ఆలోచింపజేసింది దీని తర్వాతి సంగతి. ఆ రోజు ఆ యంత్రం తిరగవలసిన దానికంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా చెక్కిన గాడిని మామూలు వేగంతో వినిపిస్తే గొంతు సన్నబడుతుంది, మాటలో తొందర పెరుగుతుంది. అతని మిగతా రికార్డింగులు వింటే మారిసన్‌ది లోతైన, నిదానమైన గొంతని తెలుస్తుంది. లోకం విన్నది మాత్రం కీచుగా, అదుపు తప్పినట్టుండే గొంతు. కొన్ని దశాబ్దాల పాటు అతని స్వభావమే అంత అనుకున్నారు. మోటారు వేగంలో చిన్న తేడా ఒక మనిషిని వేరే మనిషిగా చేసింది. యంత్రం సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు, నిజం సంగతి మనం చూసుకుంటామని ఎవరైనా రిపోర్టరు అంటే మాస్టారు ఈ డిస్కు కథ చెప్పేవారు.

ఆయన చెప్పే రెండో కథ లండన్‌ది. 1940 ఆగస్టు 24 రాత్రి, జర్మన్ విమానాలు వస్తున్నాయని సైరన్ మోగుతోంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, సెయింట్ మార్టిన్ చర్చి మెట్ల దగ్గర నిలబడి సి.బి.ఎస్. విలేకరి ఎడ్వర్డ్ ఆర్. మరో మాట్లాడుతున్నాడు. షెల్టరులోకి వెళ్తున్న జనం కనిపించారు. వాళ్ళు పరుగెత్తడం లేదు, మామూలుగా నడిచి వెళ్తున్నారు. ఆ మాట తాను చెబితే అట్లాంటిక్ అవతల ఉన్న శ్రోత నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. అందుకని మైకును కిందికి దించి పేవ్‌మెంటు దగ్గర పెట్టాడు. తొందర లేని అడుగుల చప్పుడు అమెరికాలో ఇంటింటికీ వినిపించింది. లండన్ భయపడిపోలేదని విశేషణాలు పేర్చి చెప్పవలసిన పని తప్పింది. ఏది వినిపించాలి, ఏది చెప్పాలి అన్న తేడా తెలియడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. మన కథనాల్లో ఎప్పుడూ దీనికి ఎదురు జరుగుతుంది. చెరువు ఎండిందని రిపోర్టరు మూడు వాక్యాలు చెబుతాడు. ఎండిన చెరువు మట్టి పెళ్ళల మీద నడిచే చెప్పుల చప్పుడు మాత్రం ఎక్కడా ఉండదు.

మన దగ్గర ధ్వనితో వార్తాకథనం చెప్పే విద్య అంతగా పెరగలేదు. దానికి కారణం రిపోర్టర్లలో ప్రతిభ లేకపోవడం కాదు. చాలాకాలం రేడియో అంటే ఆకాశవాణి ఒక్కటే. ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాక కూడా వాటికి సొంత వార్తలు చదివే అనుమతి లేదు. కమ్యూనిటీ రేడియోలకూ అదే నియమం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. ఆ ఆస్తి మీద ప్రజలు తమ ఊరి వార్త చెప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ వీల్లేదు. ఇది అన్యాయమని మాస్టారు చివరిదాకా అన్నారు. నేనూ అంటున్నాను.

అయినా ఆ సంకెళ్ళ మధ్యనే గొప్ప పని జరిగింది. జహీరాబాదు దగ్గర మాచునూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1998 నుంచే కార్యక్రమాలు రికార్డు చేశారు. ప్రసారానికి లైసెన్సు లేదు కాబట్టి క్యాసెట్లలోకి ఎక్కించి, సంఘం సమావేశాల్లో టేపు రికార్డరు పెట్టి వినిపించుకున్నారు. పదేళ్ళు అలాగే నడిపారు. విత్తనాలు, చిరుధాన్యాలు, మందు మొక్కలు, పాటలు, వాళ్ళ బతుకులో ఉన్నదంతా వాళ్ళ మాటలోనే. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మీద గాలిలోకి వచ్చింది. విద్యాసంస్థల బయట, ఒక స్వచ్ఛంద సంస్థ చేతుల్లో నడిచే కమ్యూనిటీ రేడియోల్లో దేశంలో అదే మొదటిది. దాన్ని ప్రారంభించింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే.

అదే సొసైటీ మహిళలు వీడియో కెమెరా కూడా పట్టారు. మనిషి కళ్ళ ఎత్తున కెమెరా పెట్టి తీసే షాటుకు వాళ్ళు సంఘం షాట్ అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు, అదీ ఆ పేరుకు మూలం. మైకుకు కూడా ఇదే వర్తిస్తుంది. కుర్చీలో కూర్చున్న రిపోర్టరు, నేల మీద కూర్చున్న ముసలమ్మ ముందుకు మైకు చాపితే ఆవిడ తల పైకెత్తి మాట్లాడాలి. మెడ బిగుసుకుంటుంది, గొంతు బిగుసుకుంటుంది, మాట విన్నపంలా వస్తుంది. అదే చాప మీద పక్కన కూర్చుని అడిగితే అదే మనిషి మామూలు గొంతుతో, ఒక్కోసారి గద్దిస్తూ కూడా మాట్లాడుతుంది. రికార్డు చేసి పోల్చి చూడండి, తేడా మీకే వినిపిస్తుంది.

రికార్డింగులో మెళకువలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం నెలరోజుల్లో అబ్బుతాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. దూరం రెట్టింపైతే నేరుగా అందే ధ్వని ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మీటరు మైనస్ పన్నెండు దగ్గర ఆగేలా చూసుకోవాలి. సున్నాకు తగిలి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి పూర్తిగా బాగుచెయ్యలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు లేకుండా రికార్డు చెయ్యకూడదు. ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకూడదు. వాట్సాప్‌లో పంపించమనకూడదు, అది ధ్వనిని నొక్కేస్తుంది. అసలు ఫైలే తీసుకోవాలి. వీటి మీద ఇంతకంటే చెప్పను.

నిజంగా కష్టమైనది ఇంకొకటి ఉంది. మనది ఊఁ కొట్టే జాతి. కథ చెప్పేవాళ్ళుంటే ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలి. ఊఁ ఆగితే అమ్మమ్మ కథ కూడా ఆగిపోతుంది, పిల్లవాడు నిద్రపోయాడనుకుంటుంది. ఈ అలవాటుతోనే రిపోర్టరు మైకు పట్టుకుంటాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ప్రతి వాక్యం చివరా ఊఁ, ఆఁ, అవునండి, అయ్యో అంటాడు. తిరిగొచ్చి ఎడిటింగుకు కూర్చుంటే వాక్యాల చివర్లన్నీ అతని ఊఁ కిందే నలిగి ఉంటాయి. కోద్దామంటే మాట తెగుతుంది, ఉంచుదామంటే రిపోర్టరే అడుగడుగునా వినిపిస్తాడు.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు దీనికి తేలికగా ఒక మందు చెబుతాయి. నోరు మూసుకుని తల ఊపమంటాయి. పట్నాల్లో, అధికారుల దగ్గర అది పనిచేస్తుంది. పల్లెలో పనిచెయ్యదు. ఊఁ వినపడని మనిషి రెండు నిమిషాల్లో తడబడుతుంది, వింటున్నావా నాయనా అని అడుగుతుంది, చివరికి ముక్తసరిగా ముగించేస్తుంది. మాస్టారు దీనికొక పద్ధతి పట్టుకున్నారు. మొదటి పది నిమిషాలూ హాయిగా ఊఁ కొట్టేవారు. మనిషి మాటల్లో పడ్డాక ఊఁ తగ్గించి, చూపును ఆ మనిషి ముఖం మీది నుంచి కదలనిచ్చేవారు కాదు. ఆ ఇంటి మనిషినో, పక్కింటి ఆవిడనో కాస్త ఎడంగా కూర్చోబెట్టేవారు. ఊఁ వాళ్ళు కొట్టేవారు, మైకుకు దూరంగా, సన్నగా. ఆ ఊఁ కథనంలో ఉన్నా తప్పులేదు, అది ఆ ఇంటి ఊఁ. ఇప్పుడు రెండు మైకులు పెట్టి, రెండు ట్రాకుల్లో విడివిడిగా రికార్డు చేసే వీలుంది. రిపోర్టరు ఊఁను చాలావరకు పక్కకు తియ్యవచ్చు. అయినా ఆయన పద్ధతే మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో చెప్పే మనిషి హాయి ముందు చూసుకున్నారు.

మాట్లాడటం అయిపోయాక ఇంకొక పని ఉంటుంది, దాన్ని నూటికి తొంభై మంది చెయ్యరు. అదే చోట, అదే మైకుతో, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చెయ్యాలి. ఏ గదికీ నిశ్శబ్దం ఒకేలా ఉండదు. రేకుల ఇంటి నిశ్శబ్దం వేరు, మిద్దె ఇంటిది వేరు. వాక్యానికీ వాక్యానికీ మధ్య కోసి అతికినప్పుడు వెనకున్న చప్పుడు ఒక్కసారి తెగితే, ఏం తెగిందో చెప్పలేకపోయినా శ్రోత చెవి పట్టేస్తుంది. ఈ ఒక్క నిమిషం ఆ అతుకుల కింద పరుచుకోవడానికి. రైస్‌మిల్లు కథనమైతే మిల్లు ఆగి ఉన్నప్పుడు మాట రికార్డు చెయ్యండి, మిల్లు చప్పుడు విడిగా రికార్డు చెయ్యండి. రెండూ కలిపి పట్టుకొస్తే మళ్ళీ విడదియ్యలేరు.

ఇక కోత సంగతికి వస్తాను. టేపుల కాలం చూడనివాళ్ళ కోసం మాస్టారు బల్ల ఎలా ఉండేదో చెబుతాను. స్పూలు యంత్రం మీద టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు తిరుగుతుంది. అంటే ఒక నిట్టూర్పు పొడవు పది సెంటీమీటర్లు. రెండు స్పూళ్ళనీ రెండు చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పుతూ అక్షరం ఎక్కడ మొదలవుతోందో పట్టుకునేవారు. అక్కడ తెల్ల పెన్సిలుతో గీత. టేపును లోహపు దిమ్మ గాడిలో కూర్చోబెట్టి, దాని మీదున్న ఏటవాలు చీలిక వెంట బ్లేడు దించేవారు. ఏటవాలుగా కోస్తే అతుకు టక్కున వినిపించదు. రెండు కొసలనూ ఆనించి వెనక వైపు అతుకు టేపు వేసి గోటితో రుద్దేవారు. కోసి తీసిన ముక్కను పారేసేవారు కాదు. దాని మీద నంబరు రాసి గోడకు అంటించేవారు, ప్రసారం అయిపోయేదాకా ఆ ముక్కలు అక్కడే వేలాడేవి. ఎవరైనా వచ్చి నేనిలా అనలేదంటే ఆ ముక్క తీసి తిరిగి అతికి వినిపించడానికి.

ఇప్పుడు తెరమీద అలలు కనిపిస్తాయి. మౌసుతో గీసి డిలీట్ కొడితే చాలు. పని సుఖమైంది, సంతోషం. కాని కళ్ళతో చూసి కోయడం మొదలైంది. అల ఎక్కడ సన్నబడితే అక్కడ కోస్తున్నారు. తెలుగులో ఇది ప్రమాదం.

మన వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. ఎవరు అన్నారు, నిజంగా చూశారా, విన్నారా, షరతు మీద అన్నారా, ఇవన్నీ ఆఖరి ఒకటి రెండు అక్షరాల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లీషులో వాళ్ళు చెప్పారు అనే మాట సాధారణంగా ముందొస్తుంది. తోక కత్తిరించినా అది మిగులుతుంది. మన దగ్గర తోకలోనే ప్రాణం. ఒక రైతు, అప్పు తీర్చేశానని వాళ్ళు రాసుకున్నారు అన్నాడనుకోండి. శా దగ్గర కోస్తే, అప్పు తీర్చేశా అని అతనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఒకావిడ, డబ్బు తీసుకున్నాడంట అంటుంది. ఆ చివరి అంట సెకనులో అయిదో వంతు ఉంటుంది, టేపు మీద నాలుగు సెంటీమీటర్లు. అది పోతే, విన్న మాట చూసిన సాక్ష్యంగా మారిపోతుంది. ఇంకో మనిషి, ఇక్కడ కంపెనీ రావాలంటే ముందు మా చెరువు సంగతి తేల్చాలి అంటాడు. రాయలసీమ గొంతైతే కంపెనీ రావాల దగ్గర కోసినా ఎక్కడా అతుకు తెలియదు. చెరువు కోసం కొట్లాడుతున్న మనిషి కంపెనీని స్వాగతించినవాడవుతాడు. అతని గొంతే, అతని మాటే, అతని యాసే. ఎవరు కాదంటారు?

కావాలని ఇలా చేసేవాళ్ళ గురించి నేను మాట్లాడటం లేదు. వాళ్ళకు ఉపన్యాసాలు అక్కర్లేదు. నా బాధ, తొందరలో చేసేవాళ్ళ గురించి. టీవీ వచ్చాక బైట్ అనే మాట మనకు అలవాటైంది. పన్నెండు సెకన్ల బైట్ కావాలి, ఎక్కడో ఒకచోట కోయాలి. తెలుగు రాని సాఫ్ట్‌వేరు చూపించిన చోట, ఒక్కోసారి ఆ యాస తెలియని ఎడిటరు కోస్తాడు. అందుకే మాస్టారు పెట్టిన నియమం నేటికీ చెల్లుతుందంటాను. క్రియ పూర్తయ్యాక, దాని తర్వాత ఊపిరి కూడా పూర్తయ్యాకనే కోయాలి. అనుమానం ఉంటే మరో వాక్యం ఉంచాలి. కోసిన ముక్కను, కోయని ముక్కను ఆ ప్రాంతపు మనిషి ఒకరికి వినిపించి, రెండింటికీ అర్థం ఒకటేనా అని అడగాలి. నిడివి సరిపోకపోతే రిపోర్టరు తన వ్యాఖ్యానం తగ్గించుకోవాలి, మాట్లాడినవాళ్ళ వాక్యాన్ని కాదు.

కార్మికుడి గొంతునే వినిపించాలన్న పట్టుదల వేరే చోట్ల కూడా కష్టం మీదనే గెలిచింది. 1957లో ఇంగ్లండులో అదుపు తప్పిన గూడ్సు బండిని ఆపబోయి జాన్ ఆక్సన్ అనే ఇంజను డ్రైవరు చనిపోయాడు. అతని మీద బి.బి.సి. కోసం కార్యక్రమం చెయ్యడానికి చార్లెస్ పార్కర్, యూవన్ మెకాల్ రైలు కార్మికుల దగ్గరకు టేపు రికార్డరు పట్టుకుని వెళ్ళారు. ఆ మాటలు ఆధారంగా స్క్రిప్టు రాసి నటుల చేత చెప్పించడం అప్పటి ఆనవాయితీ. రికార్డింగులు విన్నాక ఏ నటుడూ ఆ మాటను అలా చెప్పలేడని వాళ్ళకు అర్థమైంది. కార్మికుల గొంతులే ఉంచి, పాటలతో కలిపి 1958 జులై 2న ప్రసారం చేశారు. రేడియో బ్యాలడ్స్ అనే ఒరవడి అలా మొదలైంది. ఇది మన బుర్రకథకు ఎంత దగ్గరో ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తెలుగులో అలాంటి పని రావాలని మాస్టారు కోరుకున్నారు.

సంగీతం గురించి ఒక్క మాట. ఏడుస్తున్న మనిషి కింద వేణువో వయొలినో పెట్టకండి. ఆ మనిషి దుఃఖం చాలదని మీరు చెప్పినట్టు అవుతుంది.

ఇప్పుడు కొత్త సమస్య వచ్చింది. కొద్ది సెకన్ల నమూనా ఉంటే చాలు, ఎవరి గొంతుతోనైనా ఏ మాటైనా కంప్యూటరు చేత పలికించవచ్చు. ఇకమీదట మన కథనం విని, ఇది నా గొంతు కాదు, సృష్టించారు అని నిజంగా మాట్లాడినవాళ్ళే అనవచ్చు. మాట్లాడనివాళ్ళ పేరున కల్పించిన మాటలు కూడా ఊరంతా తిరగవచ్చు. అప్పుడు మన దగ్గర ఉండే రుజువు ఎడిట్ చేసిన కథనం కాదు. మైకు ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆఫ్ చేసేదాకా ఉన్న, కోత పడని అసలు రికార్డింగు. ఊఁలు, దగ్గులు, మధ్యలో వచ్చిన పాలవాడు, చివర ఆ నిమిషం నిశ్శబ్దంతో సహా. కాని మనవాళ్ళు కథనం వెళ్ళిన మర్నాడే ఫోనులో జాగా కోసం దాన్ని చెరిపేస్తున్నారు. మంచి నాణ్యతతో, ఒకే మైకుతో గంట రికార్డు చేస్తే ఫైలు దాదాపు అర జీబీ. 32 జీబీల కార్డులో అరవై గంటలు పడతాయి. జాగా లేదనడానికి ఇప్పుడు కారణం లేదు.

ఇక్కడికొచ్చిన కుర్ర రిపోర్టర్లను, వాళ్ళ ఎడిటర్లను ఇది అడిగి దిగిపోతాను. అసలు రికార్డింగును చెరపకండి. మొదట్లోనే ఊరు, తేదీ, మాట్లాడుతున్నది ఎవరో మీ గొంతుతో చెప్పి రికార్డు చెయ్యండి. రెండు చోట్ల దాచండి. మాట్లాడినవాళ్ళు అడిగితే వాళ్ళకొక ప్రతి ఇవ్వండి. అందులో ఉన్నది వాళ్ళ మాట.